తమ్ముడు గంజాయి తాగి రాత్రి బండి తోలుతున్నాడు, చూపు బాగానే ఉందంటాడు. నిజమేనా?

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు పక్కన ఒక పల్లెటూరు. మా తమ్ముడికి 24 ఏళ్ళు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఉన్న రాత్రుల్లో ఆ సరుకు ఎక్కించుకుని, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, వీరవాసరం దాటి భీమవరం వెళ్ళే వ్యాన్ తోలుతాడు. వాడు గంజాయి తాగుతున్నాడని ఆర్నెల్ల కిందట తెలిసింది. అడిగితే దాచలేదు. "మందు తాగినోడు తూలతాడక్కా, నేను తూలను. ఇంకా నెమ్మదిగా, జాగ్రత్తగా తోలతాను. రాత్రిపూట చూపు ఇంకా బాగా ఆనుతుంది" అంటాడు. కళ్ళు ఎర్రబడితే మెడికల్ షాపులో కొన్న చుక్కలు వేసుకుంటాడు, కాసేపటికి తెల్లగా అయిపోతాయి. పోయిన నెల ఒక రాత్రి ఎదురుగా వచ్చిన లారీ లైట్లకు రోడ్డు కనపడక బండి కాలువ వైపు దిగిపోయి, గట్టు మీద తాటిచెట్టుకు రాసుకుని ఆగింది. లారీ వాడు డిమ్ కొట్టలేదని వాడి వాదన. తెల్లవారి ఇంటికొచ్చి, అలాగే మా పాపను బైకు మీద బడికి దింపుతాడు. నాన్నకు చెబితే కొడతారు. పోలీసులకు చెబితే వాడి బతుకు పాడవుతుందని భయం. గంజాయి వల్ల నిజంగా చూపు దెబ్బతింటుందా? నేనేం చెయ్యాలి?

ఒక అక్క

సమాధానం:

అమ్మా, మిగతా విషయాలు తర్వాత. రేపు పొద్దున పాపను తమ్ముడి బైకు ఎక్కించకండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. మీరే దింపండి, లేదా పక్కింటి పిల్లలతో ఆటోలో పంపండి. రాత్రంతా మేలుకుని, గంజాయి తాగి, తెల్లవారి ఇల్లు చేరిన మనిషి వెనక పిల్లను కూర్చోబెట్టకూడదు. ఎందుకో కింద చెబుతాను. కానీ చదవడం పూర్తయ్యేదాకా ఆగకుండా ఈ ఒక్క నిర్ణయం ఇప్పుడే తీసుకోండి.

ఇక మీరు అడిగింది. చూపు దెబ్బతింటుంది. తాగిన ఆ కొన్ని గంటలూ కచ్చితంగా దెబ్బతింటుంది. అలాగని గంజాయి తాగితే గుడ్డివాడివైపోతావని మాత్రం వాడితో అనకండి. అది నిజం కాదు. వాడికి ఆ సంగతి తెలుసు. ఒక్క అబద్ధం దొరికితే మీరు చెప్పే మిగతా నిజాలన్నీ వాడు పక్కన పెట్టేస్తాడు.

స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయంలో కంటిచూపు మీద పనిచేసే పరిశోధకులు ఇదే ప్రశ్న పట్టుకున్నారు. గంజాయి అలవాటున్న 31 మందిని తీసుకుని, తాగని రోజున ఒకసారి, తాగాక ఒకసారి కళ్ళు పరీక్షించారు. ఆ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. అక్షరాలు చదివే చూపు తగ్గింది. వెలుగుకూ చీకటికీ మధ్య సన్నని తేడాను పట్టే శక్తి తగ్గింది. దూరం, లోతు అంచనా వేసే శక్తి తగ్గింది. దగ్గరి నుంచి దూరానికి చూపు మార్చినప్పుడు కన్ను సర్దుకునే తీరు మందగించింది. ఎదురు వెలుతురుకు కళ్ళు చెదరడం పెరిగింది. అన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ తర్వాతి విషయం. మీ చూపులో మార్పేమైనా వచ్చిందా అని వాళ్ళనే అడిగితే, చాలామంది ఏమీ లేదన్నారు, లేదా ఏదో కాస్త అన్నారు. మీ తమ్ముడు చెప్పేదీ అదే. వాడు మీతో అబద్ధం ఆడటం లేదమ్మా. వాడికి అలాగే అనిపిస్తోంది.

ఈ మార్పులు మన రోడ్ల మీద ఎలా ఉంటాయో చెబుతాను. ఆసుపత్రిలో మేం గోడ మీద పెట్టే అక్షరాలు తెల్ల అట్ట మీద నల్లగా ఉంటాయి. గంజాయి తాగిన మనిషి కూడా వాటిలో చాలా వరుసలు చదివేస్తాడు. కానీ రాత్రి రోడ్డు మీద తెలుపు మీద నలుపు ఎక్కడుంటుంది? అంతా నలుపు మీద నలుపే. తారు రోడ్డు మీద పడుకున్న గేదె, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, ముదురు రంగు లుంగీతో సైకిలు మీద వెళ్ళే మనిషి. వీటిని పట్టించేది అక్షరాలు చదివే చూపు కాదు, ఆ సన్నని తేడాను పట్టే చూపు. నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ కిందట దాళ్వా కోతల రోజుల్లో ముమ్మిడివరం వైపు నుంచి రాత్రి కారులో వస్తున్నాను. మందు, సిగరెట్టు ఏ అలవాటూ లేదు, కళ్ళజోడు సరిగ్గా ఉంది, నిద్ర కూడా రావడం లేదు. అయినా సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యపు రాశిని, దాని మీద కప్పిన నల్ల బరకాన్ని, చుట్టూ పెట్టిన రాళ్ళని ఆఖరి క్షణంలోనే చూశాను. బ్రేకు మీద కాలు పెట్టాక చాలాసేపు వణుకు తగ్గలేదు. కళ్ళ డాక్టరునైన నాకే, పూర్తి మెలకువలో, ఆ బరకం అంత ఆలస్యంగా కనపడింది. ఆ తేడా పట్టే శక్తిలో ఇంకొంచెం తగ్గితే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇప్పుడు మీ తమ్ముడి లారీ సంగతి. లారీ వాడు డిమ్ కొట్టకపోవడం నిజమే కావచ్చు. మన దగ్గర సగంమంది కొట్టరు. కానీ అదే లారీ ఆ రాత్రి ఎంతోమంది ఎదుటి నుంచి వెళ్ళి ఉంటుంది. వాళ్ళెవరూ కాలువలోకి దిగలేదు. ఎదురు వెలుతురు కంట్లో పడితే ఎవరికైనా క్షణం పాటు రోడ్డు మాయమవుతుంది, మళ్ళీ కనిపిస్తుంది. గంజాయి ఆ తిరిగి కనిపించే సమయాన్ని పొడిగిస్తుందని 1970లలో చేసిన పరీక్షల్లోనే బయటపడింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రోడ్డు కనపడకపోతే 50 మీటర్లు గుడ్డిగా తోలినట్టే. వీరవాసరం వైపు కాలువ పక్కన ఉన్న రోడ్లలో 50 మీటర్లు తిన్నగా ఉండే చోట్లెన్నో మీకు తెలుసు. రెయిలింగు ఉన్న చోట్లెన్నో కూడా తెలుసు. ఆ రోజు తాటిచెట్టు అడ్డం ఉంది.

కన్ను ఒక్కటే చూడదు, మెదడు కూడా చూస్తుంది. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని అందుకునే సీబీ1 అనే గ్రాహకాలు మెదడు నిండా ఉన్నాయి, కంటి వెనక రెటీనాలో కూడా ఉన్నాయి. అందుకే దెబ్బ రెండు చోట్లా పడుతుంది. కదిలే వస్తువును కన్ను వెంబడించడం తడబడుతుంది. కాలం సాగినట్టు అనిపిస్తుంది. ఎదురుగా వచ్చే బస్సు ఎంతలో దగ్గరికొస్తుందో, ముందున్న కొబ్బరి లోడు లారీని దాటడానికి ఎంత సమయం ఉందో వేసుకునే లెక్క తప్పుతుంది. రోడ్డు, అద్దం, గేరు, ఫోను, పక్క సీటులో మాట్లాడే క్లీనరు, ఇన్నిటి మీద ఒకేసారి ధ్యాస పెట్టడం కష్టమవుతుంది.

ఇంకో పరిశోధన ఉంది. దాన్ని చూపించి భయపెట్టొచ్చు, కానీ నేను భయపెట్టను. ఫ్రాన్స్‌లో రోజూ గంజాయి తాగేవాళ్ళ రెటీనా నుంచి మెదడుకు వెళ్ళే సంకేతం 10 మిల్లీసెకన్లు ఆలస్యమవుతోందని 2017లో కనిపెట్టారు. వినడానికి పెద్ద మాటలా ఉంటుంది. 60 కిలోమీటర్ల వేగంలో అది జానెడు దూరం కూడా కాదు. ప్రమాదం అక్కడ లేదు, పైన చెప్పిన వాటిలో ఉంది.

"రాత్రిపూట చూపు బాగా ఆనుతుంది" అన్న మాట వాడు గాలిలోంచి పుట్టించింది కాదు. ప్రపంచంలో చాలాచోట్ల ఈ నమ్మకం ఉంది. జమైకాలో చేపలవేటకు వెళ్ళేవాళ్ళు గంజాయి తీసుకుంటే చీకట్లో రాళ్ళ మధ్య నుంచి పడవ నడపగలుగుతారని అక్కడి శాస్త్రవేత్త ఒకాయన 1991లో రాశారు. 2016లో కెనడాలో తోకకప్పల మీద ప్రయోగం చేస్తే, ఇలాంటి పదార్థాల వల్ల వాటి రెటీనా మసక వెలుతురుకు ఎక్కువగా స్పందించింది. ఇవి నిజమే అనుకుందాం. సముద్రం మీద పడవకు ఎదురుగా ఎల్ఈడీ లైట్లు వేసుకుని లారీ రాదు కదమ్మా. అంతర్వేది దగ్గర రాత్రి వేటకు వెళ్ళే మనిషి కన్ను గంటల తరబడి చీకటికి అలవాటు పడి ఉంటుంది. జాతీయ రహదారి మీద తోలేవాడి కన్ను నిమిషానికి పదిసార్లు వెలుగులోంచి చీకట్లోకి, చీకట్లోంచి వెలుగులోకి పోతుంది. వాడికి కావలసింది మసకలో చూసే శక్తి ఒక్కటే కాదు. వెలుతురు దెబ్బ నుంచి తేరుకునే శక్తి, దూరం కొలిచే శక్తి. సరిగ్గా వాటినే గంజాయి తీసేస్తుంది.

"నెమ్మదిగా తోలతాను" అన్నదీ సగం నిజమే. గంజాయి తాగినవాళ్ళు మామూలు కంటే నెమ్మదిగా తోలుతారని, ముందు బండికి ఎక్కువ దూరం వదులుతారని చాలా పరీక్షల్లో కనిపించింది. మందు తాగినవాడికి దూకుడెక్కువ, వీడికి జంకెక్కువ. కానీ అదే పరీక్షల్లో బండి తన గీతలో తాను నిలవడం లేదు, అటూ ఇటూ ఊగుతోంది. వెడల్పు రోడ్డు మీద ఆ ఊగు సరిపెట్టుకోవచ్చు. మన గట్టు రోడ్ల మీద ఎడమవైపు మూడడుగులు తప్పితే కాలువ, కుడివైపు తప్పితే రొయ్యల చెరువు. నెమ్మదిగా పడినా నీళ్ళలోనే పడతారు. ప్రమాదాల లెక్కలు చూస్తే, 2012లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు గంజాయి తాగి తోలితే ఢీకొనే ముప్పు దాదాపు రెట్టింపవుతుందన్నారు. 2016లో మళ్ళీ లెక్క చూసినవాళ్ళు అంత లేదు, అయినా మామూలు కంటే ఎక్కువే అన్నారు. గంజాయితో పాటు ఒక్క బీరు కలిసినా లెక్క మారిపోతుంది. రెండూ కలిస్తే ఒక్కోదానికంటే చాలా చెడ్డది. మీ తమ్ముడు రెండూ కలుపుతాడేమో కనుక్కోండి. మీరు రాసినదాంట్లో ఆ విషయం లేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది కాలిఫోర్నియాలో చేసిన ఒక పరీక్ష. అది 2022లో అచ్చయింది. గంజాయి అలవాటున్న 191 మందిని మూడు గుంపులు చేసి, రెండు గుంపులకు వేర్వేరు ఘాటున్న అసలు గంజాయి, ఒక గుంపుకు మత్తు తీసేసినది ఇచ్చి, కంప్యూటర్ బండి నడిపించారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. తాగిన అరగంటకు అసలు గంజాయి తాగినవాళ్ళ డ్రైవింగు తగ్గింది, వాళ్ళకీ కాస్త భయంగానే ఉంది. గంటన్నరకు ఆ భయం పోయింది. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఇప్పుడు బండి తీయగలం అన్నారు. కానీ నడిపించి చూస్తే అరగంటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. డ్రైవింగు నాలుగున్నర గంటలకు గానీ మిగతావాళ్ళతో సమానం కాలేదు. ఆ మధ్యలో ఉన్న మూడు గంటలే మీ తమ్ముడిని మింగగలిగేవి. భయం దిగిపోయింది, మత్తు దిగలేదు. "నాకు బాగానే ఉంది" అన్న మాట ఆ గంటల్లో ఎవరు అన్నా దానికి విలువ లేదు, ఎందుకంటే బాగుందో లేదో చెప్పాల్సిన మెదడే మత్తులో ఉంది. అందుకే వాడితో "నీకు కనపడదు", "నాకు కనపడుతుంది" అనే వాదన పెట్టుకోకండి. ఎప్పటికీ తెగదు.

కంటి చుక్కల గురించి నేను కాస్త గట్టిగా చెప్పాలి. గంజాయి వల్ల కళ్ళ మీది సన్నని రక్తనాళాలు వ్యాకోచించి కళ్ళు ఎర్రబడతాయి. ఎరుపు పోగొట్టే చుక్కలు ఆ నాళాలను బిగిస్తాయి, అంతే. ఇంట్లోవాళ్ళ కళ్ళు కప్పడానికి పనికొస్తాయి. చూపుకు, ధ్యాసకు, దూరం అంచనాకు వాటితో ఏ సంబంధమూ లేదు. రోజూ వేస్తూ పోతే, మానేసినప్పుడు కళ్ళు ముందుకంటే ఎర్రబడతాయి, మళ్ళీ చుక్కలు కావాలి. ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏమిటంటే, మన దగ్గర మెడికల్ షాపుల్లో "కళ్ళు ఎర్రబడ్డాయి" అనగానే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చేస్తుంటారు. ఎరుపు హాయిగా పోతుంది. నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు, చిన్న వయసులోనే శుక్లాలు రావచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు ఎవరూ తిరిగి తేలేరు. గంజాయి వల్ల రాని గుడ్డితనం ఆ చుక్కల వల్ల రావచ్చు. ఎవరి చిట్టీ లేకుండా చుక్కలు కొనుక్కుని, ఆర్నెల్లకో ఏడాదికో నా దగ్గరికొచ్చి, "లైట్ల చుట్టూ రంగుల గుండ్రాలు కనపడుతున్నాయి" అని చెప్పిన కుర్రాళ్ళను నేను చూశాను. బాధపడటం తప్ప కొన్నిసార్లు చేయడానికి ఏమీ మిగలదు.

ఇదే మాటల్లో వాడు ఇంకోటి అనొచ్చు, "గంజాయి నీటికాసులకు మందంట కదా" అని. టీహెచ్‌సీ కంటి ఒత్తిడిని దాదాపు పావు వంతు తగ్గిస్తుందని 1971లోనే తెలిసింది. ఆ తగ్గుదల ఉండేది మూడు నాలుగు గంటలే. రోజుకు ఆరేడుసార్లు తాగితే గానీ లాభం లేదు. పైగా రక్తపోటు పడిపోయి కంటి నరానికి రక్తం తగ్గే ప్రమాదం ఉంది. దాన్ని మందుగా వాడమని కంటి వైద్యుల సంఘాలు చెప్పడం లేదు. రోజుకొక చుక్క వేస్తే పనిచేసే మంచి మందులున్నాయి.

మరి తాగాక ఎంతసేపటికి బండి తీయొచ్చు? అధ్యయనాలను కలిపి చూస్తే మూడు గంటల నుంచి పది గంటల దాకా డ్రైవింగు మీద ప్రభావం ఉంటుంది. ఎంత తాగాడు, ఎంత ఘాటైనది, ఎంత అలవాటు, పొగా తిండా అన్నదాన్ని బట్టి మారుతుంది. తిన్నదైతే ఆలస్యంగా ఎక్కి ఆలస్యంగా దిగుతుంది. చట్టబద్ధంగా గంజాయి అమ్మే కెనడాలోనే, ప్యాకెట్ మీద మోతాదు రాసి ఉన్నా, కనీసం ఆరు గంటలు స్టీరింగు ముట్టుకోవద్దని చెబుతారు. మన్యం నుంచి చేతులు మారి వచ్చే పొట్లం మీద ఏమీ రాసి ఉండదు. అందులో ఏముందో అమ్మినవాడికే తెలియదు. తెల్లవారుజామున అన్‌లోడ్ చేసి, తిరుగుదారిలో ఒకటి కాల్చి, ఏడున్నరకు మీ పాపను బైకు మీద ఎక్కించుకుంటే ఎన్ని గంటలైనట్టు? దానికి రాత్రంతా లేని నిద్రను కూడా కలపండి. అందుకే మొదటే అన్నాను.

వాడితో ఎలా మాట్లాడాలో ఆలోచిద్దాం. డ్యూటీకి వెళ్ళే ముందు వద్దు. వచ్చిన వెంటనే వద్దు. బండి లేని రోజు చూసి, మధ్యాహ్నం భోజనం చేశాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు కూర్చోండి. "గంజాయి" అని మొదలుపెట్టకండి. ఆ రాత్రి గురించి అడగండి. లారీ దాటిపోయాక రోడ్డు మళ్ళీ ఎంతసేపటికి కనపడిందిరా? బ్రేకు వేశావా, స్టీరింగు తిప్పావా? బండి దిగుతున్నట్టు నీకు తెలిసిందా, చెట్టు తగిలాక తెలిసిందా? ఇవి అడిగి ఊరుకోండి. జవాబు మీకు చెప్పకపోయినా వాడు తనకు తాను చెప్పుకుంటాడు. ఆ రాత్రి వాడూ భయపడ్డాడమ్మా. లారీ వాడిని తిట్టడంలో ఆ భయమే ఉంది.

ఎందుకు తాగుతున్నాడో కూడా అడగండి. రొయ్యల బండి పని చిన్నదేమీ కాదు. పట్టుబడి ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, గట్టు మీద గంటల తరబడి కాచుకోవాలి, ఐసు కరిగేలోగా కంపెనీకి చేర్చాలి, ఆలస్యమైతే సరుకు మెత్తబడిందని మాట పడాలి. పగలు నిద్రపోదామంటే ఇంట్లో సందడి. ఆ టెన్షన్ దిగడానికి తాగుతున్నాడా, నిద్ర పట్టడానికా, స్నేహితులు తాగుతున్నారనా? దాన్ని బట్టి చేసే సాయం మారుతుంది. నిద్ర కోసమైతే పగలు ఆ గదికి తెర కట్టి, పిల్లల్ని అటు పోనివ్వకుండా నాలుగు గంటలు చూడటం మీరు రేపే చేయగలరు.

పోలీసుల భయం గురించి. గంజాయి తాగడం నేరమే. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం 27వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది, చాలామందికి తెలియదు. వాడకానికో, కొద్ది పరిమాణానికో కేసు ఎదుర్కొంటున్న మత్తు బానిస తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చికిత్సకు చేరితే ఆ కేసులో శిక్ష నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జంకకండి. డాక్టరు పని వైద్యం చేయడం. మత్తులో బండి తోలడం వేరే నేరం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మందుకే కాదు, మత్తు పదార్థాలకూ వర్తిస్తుంది. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అలాంటి ప్రమాదంలో బండి నష్టానికి బీమా రాదు. ఎదుటివాళ్ళకు ఇచ్చిన పరిహారాన్ని బీమా కంపెనీ తిరిగి బండి యజమాని దగ్గర వసూలు చేయొచ్చు. ఇది వాడికంటే వాడి యజమాని వినాల్సిన మాట.

14446 నంబరుకు ఫోన్ చేస్తే మత్తు మాన్పించే విషయంలో సలహా ఇస్తారు, డబ్బులేమీ పడవు. 14416 టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా నంబరు, అక్కడ తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే ఒకసారి చేసి మాట్లాడండి, వాడి పేరు చెప్పక్కర్లేదు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊళ్ళో అమ్మేవాళ్ళ గురించి చెప్పాలనుకుంటే అది వేరే నంబరు, 1972. అది మీ ఇష్టం, ఇప్పుడే చేయమని నేను అనను. ముందు తమ్ముడు.

వాడు మానతానంటే మొదటి రెండు వారాలకు సిద్ధంగా ఉండండి. రోజూ తాగేవాడు ఆపిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, చెడు కలలు మొదలవుతాయి. మొదటి వారంలోనే ఎక్కువగా ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. ఆ రోజుల్లో రాత్రి డ్యూటీ అసలు వద్దు. మత్తు లేకపోయినా నిద్ర లేని డ్రైవరే అవుతాడు. ఇంట్లో గొడవ చేస్తే "గంజాయి మానినా ఇంతేనా" అని ఎవరూ అనకుండా చూడండి.

మానను, బండీ ఆపను అంటే? అప్పుడు యజమానికి చెప్పండి. రాయడానికి నాకు కష్టంగానే ఉంది, ఉద్యోగం పోవచ్చు, వాడు మీతో కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు. అయినా చెప్పండి. పగటి డ్యూటీకి మార్చమనో, నెల రోజులు క్లీనరుగా పెట్టుకోమనో ముందు అడిగి చూడండి. చాలామంది యజమానులు ఊరివాళ్ళే, అర్థం చేసుకుంటారు. ఆ వ్యాన్ ముందు రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే మనిషికి మీ తమ్ముడు గంజాయి తాగాడని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పని మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు. నాన్నకు చెప్పడం మాత్రం ఆఖరున పెట్టుకోండి, అది కూడా మేనమామ లాంటి వాడు మాట వినే పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని. దెబ్బలు తిన్న కుర్రాడు గంజాయి మానడు, ఇల్లు మానేస్తాడు.

ఒకసారి కళ్ళ పరీక్షకు తీసుకురండి, అమలాపురమో పాలకొల్లో ఎక్కడైనా సరే. గంజాయి ఒక్కటే కాకుండా వాడికి దూరపు చూపులో చిన్న పవర్ ఉండొచ్చు. అర పాయింటు, ముప్పావు పాయింటు ఉన్నవాళ్ళు పగలు అద్దాలు లేకుండా గడిపేస్తారు, రాత్రిపూట లైట్లు చెదిరినట్టు కనపడతాయి. "నీ కళ్ళలో పవరుందేమో చూపిద్దాంరా" అంటే వాడికి తప్పు చేసినవాడిలా అనిపించదు, వస్తాడు. డాక్టరు ఒంటరిగా ఉన్నప్పుడు గంజాయి సంగతి వాడే చెబుతాడు, చాలాసార్లు చెబుతారు. కంటి ఒత్తిడి కూడా చూడమనండి. ఆ చుక్కల సీసాను, పెట్టె పారేయకుండా, వెంట తీసుకెళ్ళండి. ఈలోగా సీసా మీద ఉన్న పేరు రెండు వైపులా కనపడేలా ఫొటో తీసి నాకు పంపండి. స్టెరాయిడ్ ఉందో లేదో చూసి ఆ రోజే జవాబు రాస్తాను.